రంగు పోయిన పచ్చబొట్టు

ఫిబ్రవరి 3, 2025. సోమవారం. ఉదయం 8

స్నానం చేసి అద్దం చూసుకున్నాను. ఎడమ చనుమొన అణిగిపోయింది. రంగు కూడా పోయింది.

క్యాన్సర్ అని ఆ రొమ్ము తీసేసి ఆరేళ్లు. పొట్ట కండతో కొత్తది కట్టారు. ఏడాది తర్వాత చర్మం మడిచి చనుమొన చేసి, చుట్టూ టాటూ వేశారు. అప్పుడు శనగగింజంత ఎత్తుండేది, రంగు కుడివైపు దానితో కలిసిపోయేది. నేనే మురిసిపోయాను. ఇప్పుడు పాత టీ మరకలా ఉంది.

పచ్చబొట్టు ఎక్కడైనా పోతుందా? మా అత్త నింగమ్మ చేతి మీద మామ పేరు యాభై ఏళ్లుగా ఉంది. మామ పోయాడు, పేరు పోలేదు. అంటే కింద కండే చెడుతోంది. మళ్లీ వచ్చింది.

ఫిబ్రవరి 4

ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అన్నం తినడంల్యా ఏంది అని మా ఆయన ఇంద్రసేన అడిగాడు. ఎండలు అన్నాను. ఫిబ్రవరిలో! మా అమ్మాయి మేఘన పరీక్షలు అయ్యేదాకా ఆగుదాం అనుకున్నాను. పిరికిదానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది.

మార్చి 6

అత్తకు దొరికిపోయాను. తలకు నూనె పెడతానని వచ్చి, చీర జారితే చూసేసింది. మొత్తం చెప్పి ఏడ్చాను.

తన చెయ్యి, నా రొమ్ము మార్చి మార్చి చూసింది. నాకు రగతం వచ్చేదాకా సూదితో పొడిచినారు, నీకు అట్ల పొడిచినారా అంది. లేదు, పైపైన గీకినట్టే ఉండింది అన్నాను. మరి రెండూ ఒగటే ఎట్లయితాయి పద్మా, సుమ్నే ఊరికే ఏడుస్తా కూచుంటే తెలుస్తాదా, నడువు డాక్టరమ్మ దగ్గరికి అంది.

మార్చి 11. బెంగళూరు

స్కాన్ తీశారు. ఏమీ లేదు. ఎక్కడా లేదు!

కట్టిన చనుమొన మొదటి ఏడాది రెండేళ్లలోనే సగానికి పైగా అణుగుతుందట. ఆసుపత్రి టాటూ లోతుగా వేయరు కాబట్టి రంగు పోతుందట. రెండేళ్లకు వచ్చి మళ్లీ వేయించుకోమని చెప్పాను కదా అంది డాక్టరమ్మ. చెప్పింది. నేను వింటేనా? పచ్చబొట్టుకు మళ్లీ వేయడమేమిటని అప్పుడు నవ్వుకున్నాను.

అత్త తన చెయ్యి చాపి, పనంటే ఇట్లుండాల చూడమ్మా అంది. డాక్టరమ్మ నిజంగానే వంగి చూసింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఒక్కదానివే ఎట్ల మోసినావే అన్నాడు. అప్పుడు గట్టిగా ఏడ్చాను.

ఏప్రిల్ 22

రంగు వేయించుకున్నాను. ఎత్తు కోసం ఇంకో ఆపరేషన్ వద్దన్నాను. రంగులోనే నీడ గీసింది టాటూ వేసే అమ్మాయి. ఎదురుగా చూస్తే ఎత్తున్నట్టే ఉంది. పక్కనుంచి చూస్తే చదును. పక్కనుంచి చూసే మనిషి ఒక్కడే, ఆయనకు కళ్లజోడు లేకపోతే ఏదీ కనబడదు.

మే 15

దేశనూరు నుంచి దురుగమ్మ అనే ఆమె మా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ నన్ను అడిగే పంపింది. వచ్చే వారం ఆమెకూ నాకు చేసిన ఆపరేషనే. ఇన్నేండ్లకు ఎట్లుంటాదో చూడాలక్కా అంది. తలుపు వేసి చూపించాను. ముట్టుకోవచ్చునా అంది.

వెచ్చగా ఉండాదే అంది.

అక్కడ నాకు స్పర్శ లేదు. ఆమె వేలు తగిలింది నాకు తెలియనే లేదు. వెచ్చగా ఉంటుందని కూడా ఇన్నేళ్లూ తెలియదు.