చెప్పులు విడిచిన చోటు

పినాంగ్, మే 1974
శనివారం రాత్రి

తలుచుకుంటే ఇంకా నవ్వొస్తూనే ఉంది. ఇక్కడ కాపురముంటున్న మా పెద్దమ్మ కూతురు సుగుణక్క పొద్దున నన్ను సముద్రానికి తీసుకెళ్లింది. తిరువూరులో వాగు దగ్గర విడిచినట్టే చెప్పులు నీళ్ల అంచున విడిచి, తడి ఇసుకలో చాలా దూరం నడిచాను. గవ్వలు, పీతలు, ఆ గాలి! ఓడలో వారం పాటు వాంతులు చేసుకున్న సంగతే మరిచిపోయాను. తిరిగొచ్చి చూస్తే చెప్పులు లేవు.

"ఎవడో కొట్టేశాడక్కా! ఈ ఊళ్లోనూ దొంగలున్నారు" అన్నాను కోపంగా.

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "నువ్వు విడిచిన చోటు అదిగోరా, మోకాలి లోతు నీళ్లలో ఉంది! ఇదేమన్నా మన వాగనుకున్నావా? లేచి మీదకొస్తుంది."

సాయంత్రం నీళ్లు వెనక్కి తగ్గాక వెతికితే ఎడమ చెప్పొక్కటే బురదలో దొరికింది. ప్రయాణం కోసమని నాన్న కుట్టించిన జత. సోమవారం రేవు ఆఫీసులో ట్రైనింగుకి చేరాలి. బావ బూట్లు తొడిగి చూస్తే నా కాళ్లకి పడవల్లా ఉన్నాయి. ఏం వేసుకెళ్లాలో మరి...

అసలు సంగతి అక్కకింకా చెప్పలేదు. ఈ వేసవంతా ఆ ఆఫీసులో నా పని ఆటుపోట్లు కొలవడం.