పంపు ఆగే ఆ కాసేపు

వదినకు మీ మరిది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నా నోరు కాస్త తగ్గిందా అని అన్నయ్య అడిగాడట కదా, అది కూడా క్షేమంగానే ఉందని చెప్పండి. అక్కడ మీ మోకాలి నొప్పి, అన్నయ్య కోపం రెండూ నెమ్మదించాయని తలుస్తాను.

ఊరికి నీళ్ళు వదిలే పాత ప్రోగ్రాం, మీరు ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెడితే తర్వాత ఎందరో అతుకులు వేసింది, ఉంచారా తీసేశారా అని ఒకే ఉత్తరంలో మూడు చోట్ల అడిగారు. చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మీరు రిటైరై వెళ్ళాక కొత్త ఇంజనీర్లు దిగారు. వాళ్ళకు పెద్ద ఒక కళ్ళజోడు మేడం, మా పెద్దదాని వయసు. ఇది ప్రోగ్రాం కాదు, అతుకుల బొంత, మొత్తం తీసేసి మొదటినుంచి రాద్దాం అంది. కొత్తవాళ్ళు కనిపిస్తే నేను ఊరుకునే రకం కాదు కదా. ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు కంట్రోలు పెట్టెను రెండుసార్లు తట్టాలని, లేకపోతే అది అలుగుతుందని చెప్పాను. పాపం, బుద్ధిగా తట్టారు. ఆ తట్టుడును కొత్త ప్రోగ్రాంలో ఎలా ఇరికించాలా అని మీటింగు కూడా పెట్టుకున్నారు. అక్కడ నవ్వాపుకోలేక దొరికిపోయాను.

ఆ నవ్వే తర్వాత చేదయింది. మధ్యాహ్నం పూట తూర్పు పంపు కాసేపు ఊరికే ఆగుతుంది, మీకు గుర్తుందా? ఎందుకో నాకూ తెలియదు. ఆపరేటరుగా ఇన్నేళ్ళూ ఆ టైములో టీ తాగాను, అంతే. ఇదీ నాలాంటివాడు ఎవడో చేసిన వేళాకోళమేనని కొత్తదాంట్లోంచి దాన్ని పీకేశారు. మీకొక ఫోను కొడితే సరిపోయేది, ఒక్కరికీ తోచలేదు.

కొత్తదాన్ని పరీక్షకు పెట్టిన రోజు మధ్యాహ్నం గుట్ట మీది ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది.

"నీళ్ళు ఎక్కట్లేదండీ. మా పై ట్యాంకు నిండేది ఈ టైములోనే. డయాలసిస్ మిషన్ల మీద మనుషులున్నారు."

ఆమె మాట పూర్తయ్యేలోగా మేడం పాత ప్రోగ్రాంకు మార్చేసింది. తూర్పు పంపు ఆగింది. అది లాక్కునే నీళ్ళు అటు మళ్ళి గుట్టకెక్కాయి. ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకండి.

ఆ తర్వాత పాత ప్రోగ్రాం మొత్తాన్ని అచ్చువేయించి కారిడార్ గోడలకు అంటించారు. ఆ చివర మొదలై, మలుపు తిరిగి, మెట్ల దాకా పోయింది. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు, అయినా చెప్పులు విప్పి నడవాలనిపించింది వదినా. మేడం ఒక్కో అతుకు దగ్గర ఆగి చదివి చెప్పింది. ఇది బడి వదిలే వేళకు, ఇది ఫైరింజన్లు నింపుకోవడానికి. ప్రతి అతుకు వెనకా ఎవరో ఫోను చేశారు, ఎవరో ఎత్తి విన్నారు. తమ పేరైనా రాసుకోలేదు. ఇంత పెద్దదాని ముందు కూర్చునా నేను ఇన్నేళ్ళూ పల్లీలు తిన్నది! ఆ పంపును ఆపింది మీరేనా?

"బాబాయ్, నిజం చెప్పండి. ఇందులో మీ జోకులు ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగింది మేడం.

"లేవమ్మా. ఇక ఉన్నవన్నీ నిజాలే."

మేడం కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటి కాగితం దగ్గరికి నడిచింది.

ఇప్పుడు ఒకేసారి పడగొట్టరట. అలాగని అతుకు మీద అతుకూ వెయ్యరట. ప్రతి ముక్కా ఎందుకుందో కనుక్కుని, ఆ సంగతి పక్కనే రాసి, నీళ్ళు ఆగకుండా ఒక్కోటీ మారుస్తారట. నేను రిటైరయ్యేలోగా తెమిలే పని కాదు.

ఇక ఇంతసేపూ దాచింది. మొదట మార్చింది మీ ముక్కనే, పొద్దున్నే పంపుల్ని నిద్రలేపేదాన్ని. ఇంకెవరో నొక్కితే మీకు కష్టంగా ఉంటుందని మీట నేనే నొక్కాను. నోరు తెరిస్తే జోకు తప్ప రాని నాకు ఆ పూట ఒక్కటీ రాలేదు. పంపులు ఒకదాని వెనక ఒకటి లేచాయి, మీరు లేపిన వరుసలోనే. ఊళ్ళో ఒక్కరూ పళ్ళు తోముకోవడం ఆపలేదు. మీ ముక్క ఇంకా పక్కనే మెలకువగా ఉంది. కొత్తది తడబడితే అందుకుంటుంది.

అన్నట్టు, నేను మీట నొక్కే ముందు మేడం లేచి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, కంట్రోలు పెట్టెను మెల్లగా రెండుసార్లు తట్టింది. నేను నవ్వలేదు.

ఇట్లు,
మీ తిట్లు తింటూ పెరిగిన
మీ మరిది