ఆకురాయి పట్టిన చెయ్యి

ముత్తుకూరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

చిరంజీవి మెర్లిన్‌కు నాన్న దీవించి రాయించేది. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ కులాసా. కోయంబత్తూరు మోటార్ల కంపెనీలో నీకు పని కుదురుకుందని తెలిసి అమ్మ నెమ్మదించింది. చేతిరాత నాది కాదని కంగారుపడకు, చెప్తాను. ఫోనులో అయితే మాట దాటేస్తానని నాకే తెలుసు, అందుకే ఉత్తరం.

మన కోత మిల్లులో కరెంటు ఖర్చు తగ్గిందా అని అడిగావు. నువ్వు చెప్పినవన్నీ చేశాను తల్లీ. దుంగకూ దుంగకూ మధ్య మోటారును ఊరికే తిరగనివ్వడం లేదు. వదులైన బెల్టులు మార్పించాను. పొట్టు పారబోయకుండా ఇటుక బట్టీకి ఇస్తున్నాము. పైన వెలుతురు పడే ఫైబరు రేకులు వేయించేసరికి పగలు లైట్లతో పనే లేకుండా పోయింది. ఈ వెలుగులో బియ్యం ఏరుకోవచ్చని అమ్మ వేళాకోళం.

ఇంత చేసినా మీటరు దిగిరాలేదు. రొయ్యల గుంటల్లో నీళ్ళు ఆపే తలుపులకు చెక్కలు కోసేటప్పుడు మోటారు ఒకటే మూలుగు. తప్పంతా చెంచయ్య మీద వేశాను. ఇరవై ఏళ్ళుగా మన దగ్గర దుంగలు నెట్టే మనిషిని, నెట్టడం చేతకాదని తిట్టి, అందరి ముందూ అనరాని మాట ఒకటి అన్నాను. అతను ఒకటే అన్నాడు. "రంపం తెగడం లా అన్నా. నా చేతికి తెలస్తా ఉండాది." నాకు ఒళ్ళు మండింది. రంపం పళ్ళకు ఆకురాయి పెట్టి పదును తెచ్చేది నేను కదా, ముప్పై ఏళ్ళుగా. అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు వారాలు రాలేదు.

పోయిన మంగళవారం నెల్లూరు నుంచి మెకానిక్ హరినాథ్ వచ్చాడు. తీగకు మీటరు తగిలించి, నేను పదును పెట్టిన రంపంతో ఒక దుంగ, కొత్త రంపంతో ఒక దుంగ కోయించాడు. కొత్తదానితో కరెంటు బాగా తక్కువ లాగిందని అంకెలు చదివి వినిపించాడు. "మోటారు బంగారం సార్. పదును పెట్టేది ఎవురు?" అని అడిగాడు.

ఇన్నాళ్ళూ అమ్మకు కూడా చెప్పని సంగతి ఇది. ఏడాదిగా నాకు ఆ పళ్ళ మొనలు కనిపించడం లేదు. వేలితో తడుముకుని ఆకురాయి పెడుతున్నాను. మందిరంలో బైబిలు తెరిచి, కంఠతా వచ్చిన వచనాలే చదువుతున్నట్టు నటిస్తున్నాను. చూపు పోయిందంటే మిల్లు అమ్మేయమంటారని భయపడ్డాను తల్లీ.

బుధవారం తోటపల్లి గూడూరు వెళ్ళి చెంచయ్య ఇంటి అరుగు మీద కూర్చుని క్షమించమన్నాను. మర్నాడు అతను పనికి వచ్చాడు. ఇప్పుడు ఆకురాయి అతని చేతిలో ఉంది, మోటారు మూలుగు ఆగింది. వచ్చే నెల నా కంటి ఆపరేషను. ఈ ఉత్తరం రాస్తున్నదీ అతనే. ఆరోజు అతన్ని ఏమన్నానో నీకు తెలియాలి. ఆ మాట కూడా దాచకుండా అతని చేతనే రాయిస్తున్నాను.

ఇట్లు,
నీ నాన్న
కృపాదానం

పాపా, అన్న చెప్పినదంతా రాసినాను. ఆ ఒక్క మాట మాత్రం రాయలా. అన్నకు కనపడదు గదా, రాసినాననే చెప్పినాను. – చెంచయ్య