చీలమండ ఎత్తు పువ్వు

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన కాగితం అందింది. ఈ అడవి ముక్కలో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవని రాసి, కాపలాదారుగా నన్ను సంతకం పెట్టమన్నారు. రోడ్డు కాంట్రాక్టు మీది, మీ తొందర నాకు తెలుసు.

కానీ అక్కడ పెద్ద చెట్ల నీడలో, రాలిన ఆకుల మధ్య, చీలమండ ఎత్తున ఒక తెల్లపువ్వు పూస్తుంది. గింజ పడ్డాక పూయడానికి ఏడేళ్లు పడుతుంది. పెకలించి వేరేచోట పెడితే బతకదు. రెండుసార్లు నాటి చూశాను.

నిన్న మీ పొక్లెయిన్ వచ్చింది. నేను వెళ్లి పూల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. డ్రైవరు దిగి, "ఇంత చిన్న పువ్వు కోసమా అమ్మా?" అన్నాడు.

"వంగి చూడు," అన్నాను.

వంగినవాడు చాలాసేపు లేవలేదు. తర్వాత బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. అతన్ని ఏమీ అనకండి.

సంతకం పెట్టాను బావగారూ, మీ కాగితం మీద మాత్రం కాదు. అక్కడ ఏం పూస్తుందో, దాన్ని లేదనమని నన్ను ఎవరు అడిగారో రాసి పై ఆఫీసుకు పంపాను. మరదలినని మొహమాటపడకండి. నా ఉద్యోగం తీయించగలిగితే తీయించండి.

ఈ ఉత్తరం అక్కకు మీరే చదివి వినిపించండి. ఆదివారం ఎప్పటిలాగే భోజనానికి వస్తాను. తలుపు తీస్తారో లేదో మీ ఇష్టం.

మీ మరదలు