జుట్టు మళ్ళీ వస్తుంది

చెల్లీ, నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను.

బరువు తగ్గే ఆపరేషన్ అయిన నాలుగో నెలకే దువ్వెన నిండా జుట్టు వస్తోందని, వదినలాగే నేనూ పోతానేమోనని భయపడుతూ రాశావు. మీ వదిన పోయింది ఆపరేషన్ వల్ల కాదు, అది జరిగిన ఆరేళ్లకు వచ్చిన జ్వరం వల్ల. డాక్టరు నాకు స్పష్టంగానే చెప్పాడు. ఆ మాట ఎత్తలేక నీకు చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాదే.

ఆమెకూ నాలుగో నెలలోనే జుట్టు ఊడింది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. చేతుల కింద చర్మం మాత్రం వదులుగానే ఉండిపోయింది. "బట్టలైతే బిగించి కుట్టుకుంటాను, దీన్నేం చేసుకోను?" అనేది. ఒకసారి బస్టాపులో ఆమె నా పక్కనే నిలబడి ఉంటే, నేను లావుపాటి మనిషి కోసం అటూ ఇటూ వెతుకుతున్నాను. "ఏమండీ, మీ ఆవిడ ఇంకా రాలేదా?" అని అడిగింది. బస్సు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

మాత్రలు మానకు. ముందు గుడ్డు తిను, మిగతావి తర్వాత. కళ్ళు తిరిగితే దాచకుండా డాక్టరుకు చెప్పు. మీ ఆయన వంటింటి కుళాయి బాగు చేయించాడా?

ఎండలో కూర్చున్నా చలేస్తోందన్నావు. అదీ మామూలే. ఆ నెలల్లో ఆమె తొడుక్కున్న స్వెట్టరు పార్సిల్లో పంపుతున్నాను. ఆమె పోయాక ఇన్నాళ్లూ ఉతకబుద్ధి కాలేదు. నిన్న ఉతికి ఆరేశాను. వేసుకో.

నిండు నూరేళ్లూ ఉండు తల్లీ.

అన్నయ్య