గాలి చూసే మీటరు

పిడుగురాళ్ల, 12-8-1986, మంగళవారం

మా రాఘవులు లారీ టైర్లలో గాలి చూసే మీటరు ఇవాళ ఆరు టైర్లకూ ఒకే అంకె చూపించింది, అందరికీ ఒకే మార్కులేసే బద్ధకపు మేష్టారులాగా. టైరు నుంచి తీసినా ముల్లు కదల్లేదు.

"ఇది పాడైంది అన్నా. అవతల పారేసి, రాడ్డుతో కొట్టి సౌండు ఇను," అన్నాడు మెకానిక్ మస్తాన్.

రాఘవులు ఒక్కొక్కటీ కొట్టి, "అన్నీ గట్టిగానే ఉండయ్‌రా," అన్నాడు. వెనక టైరు ఒకటి తడిబస్తాను కొట్టినట్టు పలికింది. అరుగు మీదున్న నాకే తెలిసింది.

"ఒరేయ్, అది మెత్తగా ఉందిరా!" అని అరిచాను. వాడు తిరిగి చూడలేదు. మస్తాన్ మాత్రం తల వంచుకుని దానికి గాలి కొట్టాడు. వాడికి ముందే తెలుసల్లే ఉంది.

పెళ్లయ్యాక కొడుకు నా మాట లెక్కచేయడం లేదని ఇన్నేళ్లూ కోడలిని ఆడిపోసుకున్నాను. క్వారీ పేలుళ్ల పక్కన పదేళ్లు లోడెత్తించిన వాడి చెవుల సంగతి నాకు తట్టనే లేదు.

తెల్లవారితే సున్నపురాయితో మాచర్ల రోడ్డెక్కుతాడు. వెనక బస్సువాడు హారన్ కొడితే...

కోడలికి చెప్తే బండి తాళాలు దాచేస్తుంది. దాచాలి కూడా. వంటింట్లో ఇంకా గిన్నెలు కడుగుతూనే ఉంది. వెళ్లి చెప్పాలి. ముందు తప్పు నాదని ఒప్పుకోవాలి, అదెలా మొదలుపెడతారో నాకు తెలియదు.