మిద్దె మీద దండెం

నాచారం

ప్రియమైన తిరుపతి బావకు,

నీ లత రాసేది. నువ్వున్న సరిహద్దు క్యాంపులో ఫోన్ అందదు కాబట్టి ఈ కాలంలో కూడా మనకు జాబులే దిక్కయ్యాయి. ఎడారిలో వేల సోలార్ ప్యానెళ్లు బిగించేవాడివి, సొంతింటి మిద్దె మీద పది బిగించేటప్పుడు మాత్రం ఊళ్లో లేవు!

ఉప్పల్ నుంచి సోలార్ వాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. పదింటినీ ఒకే వరుసగా కలిపేస్తామంటున్నారు. నీళ్ల ట్యాంకు నీడ సంగతేమిటని అడిగితే ట్యాంకే జరపమన్నారు. అత్తమ్మ ఊరుకుంటుందా? "నైరుతిల బరువుండాలె. ట్యాంకి జరిపితే ఇంటికే అరిష్టం" అని మెట్లకు అడ్డంగా కూర్చుంది. ఏం చేయాలో బొమ్మ గీసి పంపు. కడుపులో బిడ్డ బాగానే ఉంది. నాకే ఎందుకో, ఆ తీగలంటే భయంగా ఉంది.

నీ
లత

జైసల్మేర్ దగ్గరి క్యాంపు

ముద్దుల లతకు,

అమ్మ మాటే చెల్లనీ, ట్యాంకు కదపొద్దు. కానీ పదీ ఒకే వరుసలో కలిపితే, మధ్యాహ్నం ట్యాంకు నీడ పడిన ప్యానెల్ మిగతా అన్నింటినీ వెనక్కి లాగుతుంది. అందుకని రెండు వరుసలు పెట్టించు. తూర్పున ఐదు, పడమర ఐదు. నీడ పడితే పడమటి వరుసకే నష్టం, తూర్పుది దాని పని అది చేసుకుంటుంది. రెండు వరుసల కేబుళ్లూ విడివిడిగా ఇన్వర్టర్ పెట్టెలోకి రావాలి. బొమ్మ జతచేశాను, వాళ్లకు చూపించు. దండెం కట్టే ఇనుప స్తంభం నీడ పొద్దున్నే తూర్పు వరుస మీద పడుతుంది, దాన్ని తీయించెయ్.

భయపడకు పిచ్చిదానా. నేను రోజూ చేసే పనే ఇది.

నీవాడు
తిరుపతి

నాచారం

ప్రియమైన బావకు,

నువ్వు గీసినట్టే బిగించారు. కొన్నాళ్లు బాగానే ఉంది. వానలు మొదలయ్యాక పొద్దున్నే పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మధ్యాహ్నానికి ఆరిపోతుంది. వాళ్లకు ఫోన్ చేస్తే "ఆపి మళ్లీ ఆన్ చేయండి మేడమ్" అంటారు, అంతే.

ఇవాళ మిద్దె ఎక్కి చూసి కొయ్యబారిపోయాను. స్తంభం పోయింది కదా, అత్తమ్మ పడమటి ప్యానెళ్ల స్టాండు నుంచి ట్యాంకు పైపు దాకా ఇనుప తీగ లాగి, పట్టకారుతో మెలేసి, దండెం కట్టుకుంది. ఆ మెలికల కింద కరెంటు కేబుల్ నలిగిపోయి ఉంది. ఇన్నాళ్లూ తడి బట్టలు దాని మీదే ఆరేస్తోంది! వెంటనే మిద్దె తలుపుకు తాళం వేశాను. "నా మిద్దెకు నాకే తాళమా? గింత పరాయిదాన్ని జేస్తివా?" అని అన్నం మానేసింది. నాతో మాట్లాడటం లేదు. తొందరగా రాయి.

నీ
లత

క్యాంపు నుంచి

లతా, నా బంగారూ,

నీ జాబు అందగానే రాస్తున్నాను. ఆ తీగ కేబుల్ తొడుగును కోసేసి ఉంటుంది. తడిసినప్పుడల్లా కరెంటు స్టాండులోకి, దండెంలోకి పాకుతోంది. కింద స్విచ్ ఆపినా లాభం లేదు. ఎండ ఉన్నంతసేపూ ఆ వరుసలో రెండువందల యాభై వోల్టులు ఉంటాయి, మనిషిని చంపడానికి చాలు. పొద్దు గూకాక మన ఎలక్ట్రీషియన్ కొమురెల్లి చేత విప్పించు. అమ్మకు ఈ జాబు చదివి వినిపించు. తాళం మాత్రం తీయకు. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఇది నీకు చేరేలోగా ఏమవుతుందోనని భయంగా ఉంది.

నీ
తిరుపతి

ఉప్పల్

బావా,

మీ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను. కబురు అందే ఉంటుంది. అయినా జరిగింది జరిగినట్టు నేనే చెప్పాలని రాస్తున్నాను.

నీ జాబు అత్తమ్మకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. చదివాను. "సాయంత్రం కొమురెల్లన్న వస్తడు. నేను పైకి పోయి ఏ తీగనో సూపిస్త" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది. "కడుపుతోని నువ్వు పోతవా?" అని నన్నే చూస్తూ కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం మబ్బు కమ్మింది. అత్తమ్మ పక్కింటి సుశీలమ్మ వాళ్ల మిద్దె ఎక్కి, పిట్టగోడ దాటి మన మిద్దె మీదికి పోయింది. సుశీలమ్మ వద్దంటుంటే, "ఎండ లేదు గదనే, మబ్బు వట్టింది. నేను గట్టిన తీగ నేనే ఇప్పుత. ఆ పిల్ల ఎందుకు పోవాలె?" అందట. మబ్బు పట్టినా కరెంటు ఉంటుందని నువ్వు రాయలేదు బావా. నాకూ తట్టలేదు.

కేక విని పరుగెత్తాను. తాళం తీసి మిద్దె మీదికి పోయాను. అత్తమ్మ ట్యాంకు పక్కన విసిరేసినట్టు పడి ఉంది, అరచేయి కాలిపోయింది. ఉప్పల్ దవాఖానాకు తెచ్చాం. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదంటున్నారు. ఒక్కసారి కళ్లు తెరిచి "తీగ ఊడిందా?" అంది.

ఊడలేదు బావా. ఇంకా అక్కడే ఉంది. ఊడిందని చెప్పాను. "ఇగ ఫికర్ లేదు" అని కళ్లు మూసుకుంది. పొద్దుటి నుంచి పిలుస్తున్నాను, తెరవడం లేదు. ఎవరినీ సెలవు అడగకు, వచ్చెయ్.

నీ
లత